సవర కొండల శిష్యుడు: గిడుగు రామమూర్తి పంతులుగారు

మానవుని ఆచారవ్యవహారాలను, భాషను, కుటుంబవ్యవస్థను, విశ్వాసాలను, పనిముట్లను శ్రద్ధతో పరిశీలించే శాస్త్రానికి మానవశాస్త్రమని పేరు. మన వంటి చిన్న కళాశాలల్లో ఈ పేరు వినబడటం అరుదు. ఈ శాస్త్రాన్ని అభ్యసింపగోరే విద్యార్థి ఇక్కడ చరిత్రనో, అర్థశాస్త్రాన్నో, తెలుగునో, ఉర్దూనో ప్రధానంగా తీసుకొని పట్టభద్రుడు కావాలి. పిమ్మట తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికో, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికో, హైదరాబాదుకో తరలిపోవాలి. ఇట్టి కోరిక గల విద్యార్థులు ఏటా ఒకరిద్దరైనా మా వద్దకు వస్తూనే ఉంటారు. విశ్వవిద్యాలయం చేరేవరకు ఇక్కడ గడిపే కాలమంతా కేవలం నిరీక్షణేనా అన్న సందేహం వారి ముఖాల్లో కనిపిస్తూ ఉంటుంది. ఆ సందేహానికి సమాధానంగా ఒక మహనీయుని జీవితాన్ని ఈ సంచికలో స్మరించుకొనదలచాము.

ఆయన పేరు తెలియని తెలుగు విద్యార్థి లేడు. ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా మనం జరుపుకుంటున్నది ఆయన జన్మదినమనే. వ్యావహారిక భాషోద్యమానికి పితామహుడుగా గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని పాఠ్యగ్రంథాలు పరిచయం చేస్తూనే ఉన్నవి. అయితే ఆ పరిచయంలో ఆయన జీవితంలోని సగభాగం మాత్రమే మనకు అందుతున్నది. రెండవ సగం సవర కొండల్లో ఉంది. ఎఫ్.ఏ. తరగతుల వరకు గల ఒక చిన్న కళాశాలలో చరిత్ర బోధిస్తూ, ఏ విశ్వవిద్యాలయమూ తోడు లేకుండా, నాలుగు దశాబ్దాలపాటు ఆయన సాగించిన అధ్యయనం అది. ఆ సగమే మా ప్రస్తుత విషయం.

పంతులుగారు 1863వ సంవత్సరం ఆగస్టు 29వ తేదీన, శ్రీకాకుళానికి ఉత్తరంగా వంశధారా తీరాన గల శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తల్లి వెంకమ్మగారు, తండ్రి వీర్రాజుగారు. తండ్రి చిన్న ఉద్యోగి. కుమారునికి పన్నెండేళ్ల ప్రాయంలోనే, 1875లో, ఆయన జ్వరపీడితుడై మరణించారు. పిమ్మట బాలుని చదువు విజయనగరంలో మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో సాగింది. అక్కడ గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులైనారు. పై చదువుకు మద్రాసు వెళ్లే స్థోమత లేదు. కుటుంబభారం ఎదుట నిలిచి ఉంది. మరుసటి సంవత్సరం, అనగా 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల వేతనంపై ఉపాధ్యాయులుగా ప్రవేశించారు. అప్పటికాయన వయస్సు పదునేడేండ్లు.

మన విద్యార్థులు ఇచ్చట ఒక క్షణం నిలిచి ఆలోచింపవలెను. తండ్రి లేని పదునేడేండ్ల యువకుడు, చేతిలో మెట్రిక్యులేషన్ పత్రం, జీతం ముప్పది రూపాయలు. ఇట్టివాడు చదువును అంతటితో ముగించి ఉంటే తప్పుపట్టేవారెవ్వరూ ఉండరు. పంతులుగారు ముగించలేదు. పగలు పాఠాలు చెప్పి, రాత్రులు స్వయంగా చదువుకొని 1886లో ఎఫ్.ఏ. పరీక్షను, మరి పదేండ్లకు 1896లో బి.ఏ. పరీక్షను ప్రైవేటుగా పూర్తిచేశారు. చరిత్ర ఆయన ముఖ్యవిషయం. మెట్రిక్యులేషన్ నుండి పట్టభద్రత్వానికి ఆయనకు పట్టిన కాలం పదునేడు సంవత్సరాలు. ఆ 1896లోనే రాజావారి విద్యాసంస్థ ద్వితీయ శ్రేణి కళాశాల స్థాయికి పెరిగింది. పంతులుగారికి కళాశాల తరగతులకు బోధించే అవకాశం లభించింది.

ద్వితీయ శ్రేణి కళాశాల అనే మాట నేటివారికి కొత్త. ఆ కాలంలో మద్రాసు విశ్వవిద్యాలయం క్రింద బి.ఏ. వరకు బోధించే కళాశాలలకు ప్రథమ శ్రేణి అని, మెట్రిక్యులేషన్ పిమ్మట రెండేండ్ల ఎఫ్.ఏ. వరకు మాత్రమే బోధించే కళాశాలలకు ద్వితీయ శ్రేణి అని వ్యవహారం. అక్కడ రెండేండ్లు చదివి, ఆర్థికబలం ఉన్నవారు పెద్ద ఊళ్లలోని కళాశాలలకు తరలిపోయేవారు. లేనివారు గుమాస్తా ఉద్యోగాల్లో కుదిరేవారు. నేటి మన జూనియర్ కళాశాలలకు, అమెరికాలో కమ్యూనిటీ కళాశాలలని పిలువబడే వాటికి, వాటిని దూరపు చుట్టాలుగా చెప్పుకోవచ్చు. గొప్ప గ్రంథాలయాలు, ప్రయోగశాలలు, పరిశోధక బృందాలు అట్టి చోట ఉండవు. కాని కళాశాల గడప దాటితే చుట్టూ మనుష్యులుంటారు. పంతులుగారు చదివిన మొదటి గ్రంథం అదే.

ఆ పరిశీలనాదృష్టి మొదట రాళ్లమీద ప్రసరించింది. చరిత్ర పాఠాలు చెబుతున్న రోజుల్లోనే తమ జన్మస్థలానికి చేరువనున్న ముఖలింగ దేవాలయాల శాసనాలు ఆయనను ఆకర్షించాయి. ప్రాచీన లిపులను ఎవరి వద్దా నేర్వలేదు. తమంతట తామే పట్టుదలతో చదవనేర్చుకున్నారు. తూర్పు గాంగ రాజైన వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాలను పరిష్కరించగా, ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటంలో ప్రకటితమైనవి. అప్పటికాయన వయస్సు ముప్పది నాలుగేండ్లకు మించదు. ఒక మూలనున్న పట్టణంలోని ఉపాధ్యాయుడు దేశంలోని శాసన పండితుల సరసన నిలిచాడన్నమాట. ఊరి గుడిగోడ మీది అక్షరాలను ప్రతిదినం చూస్తూ దాటిపోయేవారు వేలమంది. ఆగి చదివినవాడు చరిత్రకారుడైనాడు.

రాళ్ల నుండి ఆయన దృష్టి మనుష్యుల మీదికి మళ్లింది. పర్లాకిమిడికి పైన తూర్పు కనుమల్లో సవరలు నివసిస్తారు. కొండవాలుల్లో పోడు వ్యవసాయం చేస్తూ, అటవీ ఫలసాయాన్ని సంతలకు తెచ్చి అమ్ముకొనేవారు వారు. మైదానపు భాషలు వారికి రావు, వారి భాష మైదానంవారికి రాదు. నడుమ రెండు భాషలూ తెలిసిన మధ్యవర్తి చెప్పినదే ధర, వాడు చెప్పినదే న్యాయం. కచేరీలోనైనా సంతలోనైనా సవర తన మాటను తాను వినిపించుకోలేని స్థితి. వారి భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. అది భాషయే కాదని భావించిన చదువరులు ఆనాడు చాలామంది ఉండేవారు.

ఈ స్థితిని చూచి పంతులుగారు తీసుకున్న నిర్ణయం ఆనాటికి అపూర్వమైనది. సవరలకు మన భాష నేర్పడానికి ముందు తాము వారి భాషను నేర్వవలెనని ఆయన సంకల్పించారు. తెలుగు, సవర రెండూ మాట్లాడగల ఒక వ్యక్తిని తమ ఇంటనే ఉంచుకొని, గురుస్థానంలో కూర్చుండబెట్టి, ఒక్కొక్క మాటనే అభ్యసించారు. ఆనాటి సమాజంలో కళాశాల ఉపాధ్యాయుడైన ఒక బ్రాహ్మణ గృహస్థు కొండభాష చెప్పే మనిషి ఎదుట శిష్యుడై కూర్చోవడం సామాన్య విషయం కాదు. ఆ గురువు పేరు మన పాఠ్యపుస్తకాల కెక్కలేదు. మానవశాస్త్ర చరిత్రలో ఇట్టి అజ్ఞాత గురువులు ప్రతి దేశంలోనూ ఉన్నారు. గ్రంథకర్త పేరు అట్టమీద నిలుస్తుంది. మాట నేర్పినవాడు మాటలోనే మిగిలిపోతాడు. పంతులుగారిని స్మరించేవేళ ఆ అజ్ఞాత వ్యక్తికి కూడా నమస్కరించడం మన ధర్మం.

ఇంట నేర్చిన మాటలను సరిచూచుకొనడానికి ఆయన కొండలెక్కారు. అవి మలేరియాకు నిలయాలైన ప్రాంతాలు. జ్వరాలు పలుమార్లు బాధించాయి. ఆ జ్వరానికి ఆనాడు ఉన్న ఔషధం క్వినైను ఒక్కటే. దాని అధిక సేవనం వలన ఆయన వినికిడి శక్తి క్షీణించింది. ధ్వనిని పట్టుకొనడమే వ్రతంగా పెట్టుకున్న పండితుడు చెవులను కోల్పోవడం విధివైపరీత్యం. అయినా ఆయన పనిని ఆపలేదు.

సవర భాష స్వభావాన్ని గురించి ఇక్కడ కొంత చెప్పవలసి ఉన్నది. అది తెలుగుకు గాని ఒడియాకు గాని బంధువు కాదు. సంతాలీ, ముండారీ మొదలైన వాటితో చేరిన ముండా శాఖకు చెందినది. ఆ శాఖ బంధుత్వం తూర్పున కంబోడియా, వియత్నాం భాషల వరకు వ్యాపించి ఉంది. గొంతులో శ్వాసను క్షణకాలం బిగబట్టి విడిచే ధ్వని ఒకటి ఆ భాషలో అర్థభేదాన్ని కలిగిస్తుంది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. క్రియ తన కర్మను తనలోనే ఇముడ్చుకొని, మనం వాక్యంగా చెప్పేదానిని ఒక్క పదంగా చెప్పగలదు. లెక్కల పద్ధతి మరింత విచిత్రం. పన్నెండు వరకు లెక్కించి, పదమూడును పన్నెండు మీద ఒకటి అన్నట్లు చెబుతారు; ఇరవై చేరగానే ఇరవైల లెక్క ఆరంభమవుతుంది; ముప్పది రెండంటే వారికి ఇరవై మీద పన్నెండు. పదుల లెక్కకు అలవడిన మనకు ఇది వింతగా తోచవచ్చు. డజన్ల లెక్కన గాజులు, వీశెల లెక్కన బెల్లం కొన్న మన పెద్దలకు ఇందులో వింత ఏమీ లేదు. లెక్క కట్టే తీరులు పెక్కు ఉన్నవని, అన్నింటికీ బుద్ధిబలమే మూలమని గ్రహించడమే మానవశాస్త్రంలో మొదటి పాఠం.

ఇట్టి భాషను వర్ణించడానికి కావలసిన శాస్త్రజ్ఞానం ఆనాడు మన దేశంలో బోధించేవారు లేరు. పంతులుగారు ఐరోపా భాషాశాస్త్ర గ్రంథాలను తెప్పించుకొని తామే చదివి ధ్వనిశాస్త్రాన్ని సాధించారు. సవర బాలుర కొరకు వాచకాలు రచించారు. పాటలను, కథలను సేకరించారు. తమ స్వంత ధనంతో కొండప్రాంతాల్లో పాఠశాలలు నెలకొల్పి, అధ్యాపకులకు తామే జీతాలిచ్చి, సవర పిల్లలకు సవర భాషలోనే విద్య గరపించారు. ప్రభుత్వం ఆయన గ్రంథాలకు పారితోషికం ఇవ్వజూపినప్పుడు తమకది వద్దని, ఆ ధనంతో సవరలకు బడి పెట్టించవలసినదని కోరిన సంగతి ప్రసిద్ధం. ప్రభుత్వం ఆయనను రావు సాహెబు బిరుదంతో సత్కరించింది.

దీని విలువ తెలియాలంటే ఆనాటి ప్రపంచాన్ని ఒకసారి పరికింపవలెను. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారతంలోని కులాలను, తెగలను గురించి ఏడు సంపుటాలు వెలువరించారు. తలల కొలతలు, ముక్కుల కొలతలు ఆనాటి పరిశోధకులకు ముఖ్యసాధనాలు. బ్రోనిస్లా మలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవుల్లో నివసించి, స్థానిక భాషలోనే విషయసేకరణ చేసినది 1915, 1918 సంవత్సరాల నడుమ. పరిశీలించే జనుల భాషను పరిశోధకుడు తానే నేర్వవలెనన్న నియమం ఆ పిమ్మటనే మానవశాస్త్రంలో స్థిరపడింది. అమెరికాలో ఫ్రాంజ్ బోయాస్ అక్కడి ఆదిమవాసుల భాషల బృహద్గ్రంథం మొదటి భాగాన్ని ప్రకటించినది 1911లో. సరిగా ఆ సంవత్సరమే పంతులుగారు ముప్పది ఏండ్ల ఉద్యోగం ముగించి విశ్రాంతి తీసుకున్నారు. అప్పటికే ఆయన సవర భాషాధ్యయనంలో ఎన్నో ఏండ్లు గడిచినవి. కొలతబద్దను ప్రక్కన పెట్టి, మాటను పట్టుకొని మనిషిని చేరుకొనే మార్గాన్ని పర్లాకిమిడిలోని ఒక ఉపాధ్యాయుడు తనంతట తానే కనుగొన్నాడు. మన దేశంలో మానవశాస్త్రానికి ప్రత్యేక శాఖ కలకత్తా విశ్వవిద్యాలయంలో ఏర్పడినది 1920 తరువాతనే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇచ్చట మరొక జీవితం మాకు స్ఫురిస్తున్నది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఈటన్‌విల్ అనే నల్లజాతీయుల పట్టణంలో పెరిగిన జోరా నీల్ హర్‌స్టన్ బాల్యంలోనే తల్లిని కోల్పోయి, ఇండ్లలో పనిచేస్తూ చదువుకున్నది. వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో 1920లో ఆమెకు లభించినది రెండేండ్ల చదువుకు ఇచ్చే అసోసియేట్ పట్టం మాత్రమే. 1925లో న్యూయార్కులోని బర్నార్డ్ కళాశాలకు మారి, ఫ్రాంజ్ బోయాస్ వద్ద మానవశాస్త్రం అభ్యసించి, 1928లో పట్టభద్రురాలైనది. ఆ విద్యతో ఆమె వెళ్లినది ఎక్కడికో కాదు, తన ఈటన్‌విల్‌కే. అంగడి అరుగుల మీద తనవారు చెప్పుకొనే కథలను సేకరించి 1935లో గ్రంథంగా ప్రకటించింది. 1960లో పేదరికంలో మరణించగా, ఆమె సమాధికి గుర్తుశిల సైతం 1973 వరకు లేదు. పర్లాకిమిడి పంతులుగారికి, ఈటన్‌విల్ జోరాకు ఒకరినొకరు ఎరిగే అవకాశం లేదు. అయినా ఇద్దరి త్రోవ ఒక్కటే. పండితలోకం చిన్నచూపు చూచిన మాటలో శాస్త్రానికి తగిన సంపద ఉన్నదని ఇద్దరూ నమ్మారు.

సవర భాషలో నేర్చిన పాఠమే పంతులుగారిని తెలుగు వైపు మళ్లించిందని మా అభిప్రాయం. నోట పలికే భాషకు నియమాలున్నవని, అవి పామరుని నోటిలో కూడా తప్పక పాటింపబడతాయని ఆయన కొండల్లో కనుగొన్నారు. సవరకు ఉన్న నియమం తెలుగు రైతు మాటలో లేకుండా ఎట్లుంటుంది? 1906లో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్‌గారికి పుస్తకాల తెలుగుకు, ప్రజల తెలుగుకు గల అంతరం ఆశ్చర్యం కలిగించింది. పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఈ చర్చలో చేరగా వ్యావహారిక భాషోద్యమం ఆరంభమైంది. గ్రాంథిక పక్షాన జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులు నిలిచారు. శతాబ్దాల సాహిత్యంతో మనకున్న బంధం తెగిపోతుందన్న వారి భయం తేలికగా త్రోసివేయదగినది కాదు. పంతులుగారు ఆ భయానికి వారి సాహిత్యంతోనే సమాధానం చెప్పారు. ప్రాచీన కవుల, పండితుల గ్రంథాలనుండి, శాసనాలనుండి వేల ప్రయోగాలను ఎత్తిచూపి, భాష ప్రతి యుగంలోను మారుతూనే వచ్చిందని నిరూపించారు. గ్రాంథిక వాదులు తామే నియమాలను పాటింపలేకపోతున్నారని వారి రచనలనుండే చూపించారు. బాలకవి శరణ్యము, గద్య చింతామణి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము మొదలైన గ్రంథాలు ఈ పోరాటఫలాలు. 1919లో తెలుగు అనే మాసపత్రికను నడిపారు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి అధ్యక్షతన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. నేడు మేము ఈ వ్యాసం వ్రాయగలగడం, మీరు చదువగలగడం, ఆ పోరాటం వలననే.

ఈ వాదప్రతివాదాల నడుమ కూడా సవర పని ఆగలేదు. ఆంగ్లంలో ఆయన రచించిన సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను ముద్రించింది. నిఘంటువు అచ్చయ్యేనాటికి ఆయన వయస్సు డెబ్బది అయిదేండ్లు. 1934లో కైజరు-ఇ-హింద్ గౌరవం లభించింది. 1926లో అవతరించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో ఆయనను కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించింది. విశ్వవిద్యాలయపు తరగతి గదిలో విద్యార్థిగా ఎన్నడూ కూర్చుండని మనిషిని విశ్వవిద్యాలయమే వెతుక్కుంటూ వచ్చింది. కుమారులు గిడుగు వేంకట సీతాపతిగారు తండ్రి త్రోవనే నడిచి సవరల జీవితాన్ని, పాటలను గురించి విశేషకృషి చేశారు. నేటికీ ముండా భాషలను అధ్యయనం చేసే పండితులు ఏ దేశంవారైనా పంతులుగారి వ్యాకరణాన్ని, నిఘంటువును స్పృశింపక ముందుకు పోలేరు.

చివరి రోజులు ప్రశాంతంగా గడవలేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా అవతరించినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. యాబది ఆరేండ్లు తాము మెలగిన పట్టణాన్ని పంతులుగారు నిరసనపూర్వకంగా వీడి రాజమహేంద్రవరం చేరారు. ఆ నిర్ణయంలోని ఆవేదనను మనం గౌరవించవచ్చు. అయితే రెండు రాష్ట్రాల సరిహద్దు సవర కొండల మీదుగానే సాగిందని, ఆ గీత గీచేవేళ సవరల అభిప్రాయాన్ని అడిగినవారు లేరని కూడా మనం మరువరాదు. అదే 1936లో సవరలలోనే పుట్టిన మంగేయి గొమాంగో తమ భాషకు సోరాంగ్ సోంపెంగ్ అనే స్వంత లిపిని రూపొందించారు. పరులు నేర్పిన లిపికంటె తమ లిపి తమకు కావాలని ఆ జనులే కోరుకున్నారన్నమాట. పంతులుగారి కృషికి దీనిని విరోధంగా తలంచనక్కరలేదు. తమ భాష వ్రాయదగినదని ఒక జాతి తానే చాటుకొనడం కంటె ఆయన కోరుకోదగినది మరేముంటుంది?

1940 జనవరి నడుమ పత్రికా సంపాదకులను ఉద్దేశించి వ్యావహారిక భాష ఆవశ్యకతను గురించి ప్రసంగించారు. అది ఆయన తుది సందేశమైంది. జనవరి 22వ తేదీన దివంగతులైనారు. ఆయన నెలకొల్పిన సవర బడుల దీపం ఆయన తరువాత మిణుకుమిణుకుమంటూ వచ్చింది. గిరిజన బాలురకు తొలి తరగతుల్లో వారి భాషలోనే బోధించాలనే పథకాన్ని మన రాష్ట్రప్రభుత్వం చేపట్టినది 2004 ప్రాంతంలో. సవర, కోయ, గోండి, కువి, బంజారా మొదలైన ఎనిమిది భాషలలో, తెలుగు లిపిలో వాచకాలు తయారైనవి. పర్లాకిమిడి ఉపాధ్యాయుడు తన జీతంతో చేసిన పనిని ప్రభుత్వం చేపట్టడానికి దాదాపు నూరేండ్లు పట్టింది. 2011 జనాభా లెక్కల్లో సవర మాతృభాషగా నమోదు చేసుకున్నవారు నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. భాష బ్రతికి ఉంది.

ఇక మన సీమకు వద్దాము. సాలుకు అయిదువందల యాబది మిల్లీమీటర్ల వాన పడితే పడినట్లు, లేకుంటే లేనట్లు. దేశంలోనే వర్షాభావానికి పేరుమోసిన పీఠభూమి మనది. వేరుసెనగ ఎండిపోయిన ఏట తల్లిదండ్రులు బెంగుళూరుకో, కేరళకో వలసపోగా అవ్వతాతల వద్ద ఉండి చదువుకునే బిడ్డలు మన తరగతి గదుల్లో ఉన్నారు. వీరిలో చాలామందికి ఇంటి భాష వేరు, బడి భాష వేరు. ఉర్దూ విద్యార్థి ఇంట మాట్లాడేది లక్నో ఉర్దూ కాదు, తెలుగు కన్నడాల నడుమ నలిగి మెరుగెక్కిన దక్కనీ. తండా నుండి వచ్చిన విద్యార్థికి లంబాడీ, మరొకరికి ఎరుకల, మడకశిర వైపు వారికి కన్నడం. తెలుగు మాతృభాషగా గలవారికి సైతం పాఠ్యపుస్తకపు తెలుగు పరాయిదే. దక్కనీ మా ఇంటి భాష. తెలుగు మా వృత్తిభాష. రెండింటి నడుమ మెలగే మాకు ఒక విషయం నిత్యానుభవం. తన ఇంటి మాట తప్పు మాట అని నమ్మిన బిడ్డ తరగతిలో నోరు విప్పడు. ఆ మౌనాన్ని మనం మందబుద్ధిగా భావించి మార్కులు తగ్గిస్తాము. సవర బాలుని విషయంలో ఆనాటివారు చేసినదీ అదే.

కనుక విశ్వవిద్యాలయానికి పోయి మానవశాస్త్రం చదువగోరే విద్యార్థి ఇక్కడి మూడేండ్లను నిరీక్షణగా భావింపవలదు. 1916లో దత్తమండల కళాశాల వెలసిన ఈ పట్టణానికి విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. కాని శాస్త్రానికి కావలసిన ముడిసరుకు అంతకు వేల ఏండ్ల ముందునుండి ఇక్కడ ఉన్నది. కల్యాణదుర్గం వైపు పాలవాయిలోని బూడిదదిబ్బ నవీన శిలాయుగపు పశుపాలకుల జాడ. దానిని త్రవ్వి పరిశోధించినది తిరుపతి విశ్వవిద్యాలయపు మానవశాస్త్రజ్ఞులే. నార్పల మండలం గూగూడులో మొహర్రం వేళ కుళ్లాయప్ప స్వామి పీరు చుట్టూ హిందువులు, ముస్లిములు కూడే ఉత్సవాన్ని ఆధారం చేసుకొని అఫ్సర్ మహమ్మద్ రచించిన ఆంగ్ల గ్రంథం 2013లో వెలువడి విదేశీ విశ్వవిద్యాలయాల్లో చదువబడుతున్నది. మనవారు ఏటా చూచి వచ్చే ఉత్సవమే అది.

మా సూచన ఒక్కటే. వేసవి సెలవుల్లో ప్రతి విద్యార్థి ఒక నోటుపుస్తకం తీసుకొని తన ఇంటి పెద్దల వద్ద శిష్యుడై కూర్చుండవలెను. మడక, గొర్రు, గుంటకల భాగాలకు వారు వాడే పేర్లు, పదునుకు, కార్తెలకు, మేఘాలకు గల మాటలు, కొర్ర, సజ్జ, అరికెల వంటకాలు, పెండ్లిపాటలు, పిలుపుల వరుసలు, దక్కనీ సామెతలు, తండా లెక్కలు, విన్నది విన్నట్లుగా వ్రాయవలెను. దిద్దరాదు, పుస్తకపు భాషలోకి మార్చరాదు. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వారి సమ్మతితో తప్పక నమోదు చేయవలెను. పంతులుగారి గురువుకు దక్కని గౌరవం మన గురువులకు దక్కవలెను గదా. అట్టి నోటుపుస్తకంతో విశ్వవిద్యాలయపు గడప త్రొక్కే విద్యార్థి రిక్తహస్తాలతో వెళ్లినవాడు కాడు.

కరవు నేలలో కొర్ర గింజ ఏండ్లతరబడి గాదెలో నిలువ ఉండి, ఒక్క పదును తగలగానే మొలకెత్తుతుందని మన రైతులు ఎరుగుదురు. మాటలకు అంత ఓపిక లేదు. చెప్పే అవ్వ ఉన్నంతవరకే మాట ఉంటుంది. పంతులుగారు చెవులు పోగొట్టుకొని కూడా విన్నారు. మన చెవులు చక్కగా ఉన్నవి.